హర్ష అంగీ జేబు

హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్ ఇండ్లల్లకు నీళ్ళొచ్చినంక పన్నెండో ఏట జరిగింది ఇది. ఆ నీళ్ళల్ల నా ఇస్త్రీ బండి కొట్కపోయింది. కొత్త బండి ఈ హాస్టల్ కింద పెట్టిన. పైన సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిలగాండ్లు ఉంటరు.

అంగీ మీద ఇస్త్రీపెట్టె పెట్టే ముందు జేబు చూస్త. దొరికింది మడతల పెట్టి ఇస్త. ఏం దొరికిందో ఎవ్వరికీ చెప్ప.

హర్షది జనగామ దిక్కు. ఆ పిలగాని జేబుల సగం వాడిన మాత్రల పట్టీ దొరికేది. ఒకనాడు మెల్లగ అన్నడు.

"ఉప్పలయ్య కాకా, అది మనసు బాగలేకుంటే డాక్టరిచ్చిన మందు. మావోళ్లకు తెలిస్తే పిచ్చోడంటరు."

తలూపిన.

ఎండకాలం వచ్చేసరికి అదే జేబుల కాయితంల చుట్టిన తెల్ల గోలీలు సుత దొరకవట్టినయి. అవి సృజన్‌వి. హర్ష గదిలనే ఉంటడు. నారాయణగూడల జిమ్ము పౌడర్లు అమ్మే దుకాన్ల డబ్బ కొని, ఇంటికాడి మామిడికాయ తొక్కు పంచినట్టు గదులన్నిటికీ పంచిండు.

"ఏందివి?" అని సృజన్‌ను అడిగిన.

"నిద్రకు కాకా. మందు కాదు, అమైనో ఆసిడ్. పాలల్ల, పప్పుల ఉండేదే. నీకొకటి ఇయ్యాల్నా?"

"దినమంత ఇస్త్రీపెట్టె తోసెటోనికి నిద్ర కొనుడెందుకు?"

"కాక నోరు తెరిచిండు, ఇయ్యాల వానొస్తది!" అని నవ్విండు.

నాలుగో దినం పగటిపూట సృజనే మెట్లు ఉరుక్కుంట దిగిండు. పైకి పోయి చూస్తే హర్ష ఒళ్ళు కాలిపోతుంది, కాళ్ళు చేతులు వణుకుతున్నయి. చెమటకు అంగీ ముద్దైంది. మాట కలుస్తలేదు. ఆటోల ఏసుకొని చిక్కడపల్లి దవాఖానకు పోయినం.

"ఏమన్న మందులు వాడుతడా?" డాక్టరమ్మ అడిగింది.

"లేవు మేడం. పరీక్ష టెన్షన్. నిద్ర గోలీలు రెండు ఎక్కువ తిన్నడు, గంతే. ఇగో డబ్బ. ఇది మందు కాదు" అన్నడు సృజన్.

ఆమె జరం మందు రాయబట్టింది. హర్ష పట్టీ నా దగ్గరనే ఉంది, పొద్దుగాల బట్టల్ల దొరికింది. హర్ష నా దిక్కే చూస్తుండు.

"సృజన్, నీళ్ల సీస తేపో" అన్న.

ఆ పిలగాడు బయటికి పోంగనే పట్టీ బల్ల మీద పెట్టిన.

"ఇది సుత తింటడు, దినాం. ఎవ్వరికీ తెల్వదు."

డాక్టరమ్మ పట్టీ చదివి లేచి నిలవడ్డది.

"ఇదీ ఆ గోలీలు కలిసి ఒంట్ల ఒకే రసాయనాన్ని పెంచుతయి. మోతాదు దాటింది. జరమనుకొని పంపిస్తే ప్రాణం మీదికి వచ్చేది."

రెండూ ఆపిచ్చింది. సెలైన్ ఎక్కిచ్చి పక్కనే కూసుంది. దీపాలు పెట్టే యాళకు వణుకు తగ్గింది.

"పట్టీ మందు మళ్ల ఎప్పుడు మొదలు పెట్టాల్నో నేను చెప్త. నీ అంతట నువ్వు మానకు, కలపకు" అని చెప్పి పోయింది.

"మావోళ్లకు చెప్పినవా కాకా?" హర్ష అడిగిండు.

"డాక్టరుకే."

కండ్లు మూసుకొని నవ్విండు.

తెల్లారి బొగ్గులు ముట్టియ్యలె. హాస్టల్‌ల ఒక్కొక్క గది తలుపు కొట్టిన.

"డాక్టరిచ్చిన మందు దినాం మింగెటోళ్లు సృజన్ గోలీలు ముట్టకుర్రి. రెండూ పట్టుకపోయి డాక్టరుకు చూపియ్యిర్రి. నాకు మందు పేరు చెప్పొద్దు, రోగం చెప్పొద్దు."

గింత మాట్లాడుడు నాకు అలవాటు లేదు. అయినా అన్ని గదులల్ల చెప్పిన. దిగుతుంటే ఆఖరు గది పిలగాడు ఎనకనే వచ్చిండు.

"కాకా, ఆ డాక్టరమ్మ ఎన్ని గంటలకు కూసుంటది?"

ఏం రోగమని అడగలె. తోలుకొని పోయిన.