గేటు లోపలికి వచ్చే బస్సు

ఏడింటికే కోటేశ్వరరావు నిలబడి ఉత్తరాలు అరల్లోకి సర్దుతున్నాడు. ఎడమ ముంజేతి మీద కవర్ల బొత్తి, కుడి బొటనవేలికి రబ్బరు తొడుగు. అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవే పక్కనున్న చిన్న ఊరి పోస్టాఫీసులో ఇరవయ్యారేళ్ళుగా ఆయన పని ఇదే. అరవై మూడేళ్ళ పొట్టి మనిషి. మోకాళ్ళు కొంచెం బయటికి వంగిపోయాయి. ఎండకు మెడ వెనక చర్మం తోలులా మారింది.

తొమ్మిదిన్నరకు తెల్ల వ్యాన్‌లో బయలుదేరాడు. ఆరు వందల ఇళ్ళు. ఎవరింట్లో పాప పుట్టిందో, ఎవరు ఆసుపత్రి నుంచి వచ్చారో కవర్లను బట్టే తెలిసిపోతుంది. తెలిసినట్టు ఎక్కడా అనడు.

2003లో ఆయన ఊరి బళ్ళను నడిపే స్కూల్ బోర్డుకు పోటీ చేశాడు. పోస్టల్ ఉద్యోగులు పార్టీల తరఫున నిలబడకూడదు గానీ ఆ ఎన్నికలో పార్టీలు లేవు. నలభై ఒక్క ఓట్లతో గెలిచాడు. మూడేళ్ళూ సమావేశాల్లో చివరి కుర్చీలో కూర్చుని విన్నాడు. ఒక్కసారి మాత్రం, రాసుకున్నది భార్య సరోజ ఎదుట నాలుగుసార్లు చదివి చూసుకుని వెళ్ళి, లేచి మాట్లాడాడు. తర్వాతి ఎన్నికలో ఓడిపోయాడు. అది జరిగి ఆరేళ్ళయింది.

మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ల దగ్గర సుధ ఆయన కోసం కాచుకుని ఉంది. రెండేళ్ళ కిందట టెక్సస్‌లోని కాపెల్ నుంచి వచ్చిన అమ్మాయి. కూతురు ఒకటో క్లాసు. ఇక మీదట స్కూల్ బస్సు గేటు లోపలికి రాదట, పెద్ద రోడ్డు అవతల ఆగుతుందట. గురువారం మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడవచ్చని కాగితం వచ్చింది.

"ఏం చెప్పాలో తెలియట్లేదంకుల్. ఎవరో ఎప్పుడో బస్సు లోపలికి వచ్చేలా చేశారు. ఇప్పుడు దాన్ని కాన్సిల్ చేస్తున్నారు," అంది.

ఆ ఎవరో తానేనని ఆయన చెప్పలేదు. చేతిలోని కవర్లు పెట్టెల్లో వేస్తూ అన్నాడు.

"నంబర్లు చెప్పకమ్మా, అవి వాళ్ళ దగ్గరే ఉంటాయి. వాన పడేటప్పుడు ఆ రోడ్డు పక్కన పావుగంట నిలబడి చూడు. చూసింది చూసినట్టు చెప్పు. గొంతు వణికితే వణకనీ. నాకూ వణికింది."

ఎప్పుడని సుధ అడిగేలోపు ఆయన పక్క వరుస పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడింటికి చివరి వీధిలో ఆఖరి పెట్టె మూత వేసి, వ్యాన్ ఎక్కి, సీటు మీద తల వెనక్కి వాల్చాడు. ఎదురింటి పెద్దావిడ మంచినీళ్ళు తెచ్చి అద్దం తట్టింది. అప్పటికే ఆయన ప్రాణం పోయింది. ఆ రోజు పంచాల్సిన ఉత్తరాల్లో ఒక్కటీ మిగల్లేదు.

గురువారం సుధ మాట్లాడింది. గొంతు వణికింది. బస్సు లోపలికే రావాలని బోర్డు ఒప్పుకున్నాక, సెక్రటరీ పాత సమావేశాల మినిట్స్ తిరగేసి, మొదట ఈ మాట అడిగిన సభ్యుడి పేరు పైకి చదివింది.

ఆదివారం సుధ వెళ్ళి సరోజకు అంతా చెప్పింది.

"అప్పుడు బస్సు లోపలికి మార్చిన రోజు ఆయన అన్నం కూడా తినలేదమ్మా," అంది సరోజ. "ఊరికే నవ్వుకుంటూ కూర్చున్నారు."

తర్వాత గ్యారేజ్ గుండా సుధను సాగనంపింది. అక్కడ వాషింగ్ మెషీన్ వెనక, ఇళ్ళ ముందు గుచ్చిపెట్టే, ఆయన పేరున్న ఎన్నికల అట్ట ఒకటి నీలం రంగు వెలిసిపోయి గోడకు ఆనించి ఉంది. దాని తీగ కాళ్ళకు, ఎవరింటి పచ్చికలోదో, ఎండిన మట్టి ఇంకా అంటుకునే ఉంది.