ఐలెస్సా అంటే కదిలిన యుద్ధనౌక

నేను ఒక యుద్ధనౌకను. మా జాతిని తేలికపాటి క్రూయిజర్లు అంటారు. ఇందులో తేలిక ఎక్కడుందో నన్ను కట్టినవాళ్లే చెప్పాలి! ఇంగ్లండులో ఒక నది ఒడ్డున నా ఒళ్లంతా రివిట్లు కొట్టి, ముక్కు మీద సారాసీసా పగలగొట్టి, ‘కాలిస్టా’ అని పేరు పెట్టి నీళ్లలోకి తోశారు. పిల్లకు పేరు పెట్టేటప్పుడు నోట్లో తేనె చుక్క వేస్తారు గానీ మొహాన సీసా బద్దలు కొడతారా? మనుషుల ముచ్చట్లు అలాంటివి. అయినా ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. ఎంత వేగం నాది! గాలికి ఎదురెళ్లి అలను చీలుస్తుంటే నన్ను నేనే చూసుకోవాలనిపించేది.

రెండో ప్రపంచయుద్ధంలో నన్ను బంగాళాఖాతానికి పంపారు. నా తెల్ల నావికులు కొందరు మలేరియాతో మంచాన పడితే, విశాఖపట్నం రేవులో తెలుగువాళ్లను ఎక్కించుకున్నారు. వాళ్లలో గరికిన మసేను ఒకడు. భీమిలి దగ్గర జాలరిపేటలో పుట్టి, నడక కంటే ముందు తెడ్డు పట్టినవాడు. ఎక్కిన రోజే నా చుక్కాని గది గోడకు ఇంత పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేతులు జోడించాడు.

“తల్లీ, నన్ను మా అప్ప కాడికి సేర్సు” అన్నాడు.

వాళ్ల వైపు అప్ప అంటే అక్క. పేరు నీలమ్మ. తల్లి పోయాక మసేనును పెంచింది ఆమే. భర్తతో రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో పని చేస్తోంది. ఇప్పుడు రంగూన్ మీద జపాను బాంబులు పడుతున్నాయి. మసేను నౌకాదళంలో చేరింది రాజుగారి కోసం కాదు, ఆ అప్ప కోసం. నాకేమో ఆ బొట్టు చూసి ప్రాణం లేచొచ్చింది. అన్నేళ్లలో నన్ను తల్లీ అని పిలిచినవాడు లేడు మరి.

కొత్తలోనే మసేను ఒక పొరపాటు చేశాడు. పడవను పైకి లాగే తాడు చేతికి రాగానే, జాలర్లంతా కలిసి ఒడ్డుకు లాగే అలివి వల లాగుతున్నట్టే గొంతెత్తి “ఐలెస్సా!” అన్నాడు. డెక్ అంతా కొయ్యబారిపోయింది. యుద్ధనౌక మీద పాట నిషేధం. తాడు లాగేవాళ్లు నోరు మెదపకుండా, బోసన్ ఈలకు లాగాలి. బోసన్ అంటే తాళ్లకూ లంగర్లకూ పెద్ద. ఆయన పేరు విట్‌కోంబ్. ఎర్రటి మొహం మరింత ఎర్రజేసుకుని, మసేనుకు డెక్ కడిగే శిక్ష వేశాడు.

“నోరు కలవకపోతే సేతులేటి కలుస్తాయి బాబూ” అని గొణిగాడు మసేను. మాట అర్థం కాకపోయినా ధోరణి అర్థమై బోసన్ ఇంకో పూట పెంచాడు. చెవులు చిల్లులు పడేలా ఫిరంగులు పేల్చొచ్చట, పాట మాత్రం పాడకూడదట! నాకు నవ్వాగలేదు.

తర్వాత రంగూన్ నుంచి కాందిశీకులతో వస్తున్న ఒక పాత స్టీమరుకు నన్ను కాపలా పెట్టారు. దాని డెక్ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మసేను వీలు దొరికినప్పుడల్లా అటే చూసేవాడు. “మా అప్ప అందులో ఉన్నాదో నేదో” అని దారిన పోయేవాళ్లందరితో అనేవాడు.

విశాఖ ఇంకా దూరముందనగా వచ్చాయి విమానాలు! ఎండలోంచి దూకినట్టు దూకాయి. నా ఫిరంగులన్నీ ఒక్కసారిగా లేచాయి. అబ్బ, ఆ మోత! ఒకటి పొగ కక్కుతూ సముద్రంలో పడింది. నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. అంతలో ఇంకోటి నా తోక పక్కనే బాంబు వేసింది. చుక్కాని ఎడమకు తిరిగి అలాగే బిగుసుకుపోయింది. పైన చక్రం ఎంత తిప్పినా నాకు అందడం లేదు. పూర్తి వేగంలో గిర్రున తిరిగాను. తిరిగి చూద్దును కదా, నా ముక్కుకు ఎదురుగా స్టీమరు!

ఇంజన్లు వెనక్కి తిప్పారు. కానీ నా అంతటి దాని ఊపు అంత తొందరగా చస్తుందా? కాపాడమని పంపితే నేనే వాళ్లను గుద్ది ముంచబోతున్నాను. నాకు భయం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

బోసన్ మనుషుల్ని చుక్కాని గదిలోకి తోలాడు. కప్పీలు బిగించి, చుక్కాని పిడికి తాళ్లు కట్టి కుడికి లాగమన్నాడు. ఈల వేశాడు. నెత్తిన ఫిరంగుల మోతలో ఆ ఈల ఎవరికి వినిపిస్తుంది? ఒకడు లాగితే ఒకడు వదులుతున్నాడు. చుక్కాని చలించలేదు. బోసన్ ఈలను నేలకేసి కొట్టి, మసేను భుజం పట్టుకుని ఊపేశాడు.

“పాడు! పాడవయ్యా!”

ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది.

“గంగమ్మ తల్లో!”
“ఐలెస్సా!”
“అటేపు మా అప్పో!”
“ఐలెస్సా!”

ఈల ఒక్కడి నోటిది, పాట అందరి నోటిది. ఎవడి చెవిలో వాడి గొంతే మోగింది. తెల్లవాళ్లూ అందుకున్నారు, బోసన్ అందరికంటే గట్టిగా అరిచాడు. నా ఒళ్లు కిర్రుమంది. చుక్కాని జరిగింది, ఇంకా జరిగింది, కుడికి వచ్చింది! స్టీమరు మీది ఆడవాళ్ల చీరల రంగులు కనిపించేంత దగ్గరగా వెళ్లి పక్కకు తప్పుకున్నాను.

విమానాలు బాంబులు అయిపోయి వెనక్కి మళ్లాయి. విశాఖ రేవులో కాందిశీకులు దిగుతుంటే మసేను ఒక్కో మొహం వెతికాడు. నెత్తిన మూటతో ఒకామె వాణ్ణి చూసి ఆగిపోయింది. నీలమ్మే! మూట కింద పడేసి తమ్ముడి మొహం తడిమి, వెంటనే తిట్లకు దిగింది.

“ఆ ఇనప దున్నపోతు మా మీదకొచ్చీసినాదిరా! సంపీసేదే మమ్మల్ని!”

“దాన్ని తిట్టకే అప్పా. దాని సుక్కాని నానే నాగినాను” అని మసేను బావురుమన్నాడు. దున్నపోతు అన్నందుకు నాకు కోపం రాలేదు.

మర్నాటి నుంచి డెక్ మీద మళ్లీ నిశ్శబ్దమే. కాకపోతే మసేను కూనిరాగం తీసినప్పుడల్లా బోసన్‌కు సముద్రంలో ఏదో పని తగిలి అటు తిరిగేవాడు.

యుద్ధం ముగిసింది. పతకాలు మనుషులకు, తుప్పు నాకు. చేతులు మారి మారి, చివరికి పడమటి తీరంలో ఓడలు విరగ్గొట్టే చోటికి వచ్చాను. నిన్న పోటు వేళ, ఒడ్డున ఉన్న కూలీలు నాకు కట్టిన ఉక్కు తాడును బురదలో నిలబడి లాగారు. నేను కదలలేదు. చావడానికి తొందరేముంది? అప్పుడు ఆ కూలీల్లోంచి శ్రీకాకుళం యాసతో గొంతు ఒకటి లేచింది.

“గంగమ్మ తల్లో!”

“ఐలెస్సా!” అన్నారు మిగతావాళ్లు.

ఇక ఆగడం నా వల్ల కాలేదు. ఇనప దున్నపోతునే అయినా, ఎవరి మీదకూ వెళ్లకుండా, తిన్నగా వాళ్లు లాగినవైపే వెళ్లాను.