పూర్ణదృష్టి

వైశాఖమాసపు మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన నాగావళీనదీగర్భము పులితోలువలె చారలుచారలుగా ఇసుక తేలి పడియుండఁగా గట్టుమీఁది తుమ్మకొమ్మలపైఁ గాకులు సైతము నోళ్లు దెఱచుకొని అఱవనోపక కూర్చుండియుండెను. ఆ వేళ కోనవలస జమీందారుఁడును శత్రుభయంకరాది బిరుదాంకితుఁడును పులిని గోడమీఁది పటమునఁ దప్ప మఱెందును గానని వేఁటకాఁడునగు అప్పలనరసింహరాజు తడిపిన వట్టివేళ్లతడికల చాటునఁ బట్టుపఱుపుపైఁ బవ్వళించి తన కుమారుని మొగము చూచినచోఁ దాను బ్రదుకునా చచ్చునా యను విషయమును పండితులచేతఁ దేల్పించుకొనుచుండెను.

ధనుర్మాసమునఁ బుట్టిన యా బిడ్డ జాతకమున ఏడవయింట శని కూర్చుండెను. శని తానున్న యింటినిఁ జేర్చి లెక్కింపఁగా వచ్చు మూఁడవ యింటిని ఏడవ యింటిని పదవ యింటిని నిండుచూపునఁ జూచునని శాస్త్రము. ఆ మూఁడవది తండ్రిస్థానమైన తొమ్మిదవ యిల్లయ్యెను. జరిగిన దింతియే. దానికే అంతఃపురమునకును చావడికిని నడుమఁ దెర దిగెను. బిడ్డ బోసినోటితో నవ్వెను, బోరగిలఁబడెను, ఉంగాయని పలుకనేర్చెను. తండ్రి మాత్రము తెరకావలనే యుండెను.

ఆ తెర కీవలఁ గూర్చుండి జమీందారిణి నీలాయమ్మ పండితుల ఘోష దినదినమును వినుచుండెను.

“శని పూర్ణదృష్టి! పితృస్థానము దగ్ధము!” అని మంథా సోమయాజులు తొడ చఱచును.

“అయిదవయింటి గురుఁడు చూచుట లేదటయ్యా? ఆయనకు అయిదవది యా యిల్లే కదా! గురుఁడు చూచిన లక్షదోషములు పోవును” అని దూసి సూరప్పసిద్ధాంతి జందెము సవరించుకొనును.

“సూర్యునిలోఁ గలిసి అస్తంగతుఁడైన గురుఁడు! కన్ను మూసికొన్నవాఁ డేమి చూచును, మీ మొగమా?”

“ధనుస్సు ఆయన సొంతయిల్లు. తన యింటిలో గ్రుడ్డివాఁడైనను త్రోవ తప్పఁడు!”

ఇట్లా పండితద్వయము ఆకాశమునందలి కన్నులకు వైద్యము సేయుచు నేతిబూరెలతోఁ దమ కుక్షులను పూర్ణకుంభములుగా దిద్దుకొనుచుండెను.

నీలాయమ్మ యొకనాఁడు తెరవెనుకనుండియే భర్తకు విన్నవించెను: “ఒక్కమాఱు తెర తొలఁగింపుఁడు. మీ గొంతు వినఁబడినపుడెల్ల పిల్లవాఁ డిటు తిరిగి వెదకుచున్నాఁడు.”

“గ్రహములతోఁ బరాచకములా!” అని తెర యావలినుండి వణఁకుచు నుత్తరము వచ్చెను.

పాలిచ్చు దాది పైడమ్మ ముక్కుమీఁద వ్రేలు వేసికొనెను. “బాబుగోరు పులికే బెదర్రంట గదమ్మా, పాలు తాగే గుంటడికి బెదిరిపోతన్నారేటి?”

“పులి యెదుటికి వచ్చినప్పుడు గదే తెలిసేది” అని నీలాయమ్మ బిడ్డ చెక్కిలి తుడిచెను. చిట్టచివర కీ పురుషుఁడు బిడ్డను జూచెనా కోనవలసలో నుందును, చూడఁడా నేఁడే పుట్టినింటికిఁ బోదునని నిశ్చయించుకొని పల్లకి సిద్ధము సేయించెను.

ఆనాఁడే పండితులకు సంధి కుదిరెను. ఏ కీడు మూడినను నింద తమ నెత్తిమీఁదికి రాఁగలదని యిరువురును భయపడి తైలావలోకనమును విధించిరి. తండ్రి బిడ్డను నేరుగాఁ జూడక కంచుపాత్రయందలి నూనెలోఁ దోఁచు బిడ్డ నీడను జూడవలయును. శని చూపు నూనెలో మునిఁగిపోవునఁట!

శత్రుభయంకరుఁడు పాత్రయెదుటఁ జతికిలఁబడి యరమోడ్పు కన్నులతోఁ బండ్లు కటకటలాడించుచు వంగెను. వెనుకఁ గూర్చున్న నీలాయమ్మ నిద్రించుచున్న బిడ్డను నూనెలో నీడపడునట్లు భర్త భుజముపైకి ఎత్తఁబోవుచుండెను. ఇంకను ఎత్తలేదు.

“ఆహా! అచ్చముగా నా పోలికయే! అదే నుదురు! అదే ముక్కు!” అని యాతఁడు కేక వైచెను.

“మీసాలు గూడా దిగినాయా బాబూ?” అని పైడమ్మ యడిగెను.

“ఆ పోలిక గురుదృష్టిఫలము!” అని సిద్ధాంతి పలికెను. “శనిదృష్టి యడఁగుటవలననే యది తెల్లమయ్యెను!” అని సోమయాజులు వంతపాడెను. వారిరువురి మాటయు నొక్కటియగుట యదియే ప్రథమము.

ఎత్తఁబోయిన బిడ్డను నీలాయమ్మ మరల ఱొమ్మున కదుముకొని లేచి భర్త కెదురుగా వచ్చి నిలిచెను. ఆ కేకకు మేల్కొన్న శిశువు ఆ గొంతు ఎక్కడిదో యని యెప్పటివలె నిటు నటు వెదకెను. వెదకి కనుఁగొనెను. తన స్థానమునుండి మూఁడవదియా అయిదవదియా యని లెక్కింపక రెండు కన్నులును విప్పి తండ్రిని పూర్ణదృష్టితోఁ జూచెను.

తండ్రి ఉత్తరీయముతో మొగము గప్పుకొనెను.

“పద పైడీ” అని నీలాయమ్మ వెనుదిరిగెను.

పల్లకీబోయీల కేకలు ఏటిగట్టు దాఁటి వినఁబడకపోయిన పిమ్మట నాతఁడు మెల్లఁగా ఉత్తరీయము తొలఁగించి చూడఁగా కంచుపాత్రయందలి నూనెలో మీసముల బిడ్డ యొక్కఁడు గడగడ వణఁకుచుండెను.