ఇనుముకు టీ మర్యాద

సమర్‌ఖండ్ ప్రయోగశాలలో ఇనుప లవణంలో గ్రీన్ టీ కషాయం కలిపి కొలిమిలో కాలుస్తారు. ఆ కషాయమే మాడి, కంటికి కనిపించని ఇనుప రేణువులకు బొగ్గుపూత అవుతుంది. భార్య పోయిన ల్యాబ్ సహాయకుడు ఎర్గాష్ కలిపిన రెండు విడతలూ తుప్పుపట్టాయి. మూడోదీ పోతే అక్కడి పరిశోధకురాలు నిగోరా పని ఆగిపోతుంది.

"కషాయం ఎంత పోశావు బాబాయ్?" అడిగింది నిగోరా.

"సగం గిన్నె. చేతి అలవాటు. మన ఉజ్బెకుల ఇళ్లలో చుట్టానికి టీ సగమే పోస్తాం కదా. నిండా పోస్తే పొమ్మన్నట్టు కాదూ?"

"ఇనుము నీ వియ్యంకుడా? ఒంటికి పూత చాలక తుప్పుపట్టింది పాపం!"

ఎర్గాష్ మూతి ముడుచుకుని గిన్నె నిండా పోశాడు. మర్నాడు కొలిమి తెరిస్తే పొడి నల్లగా ఉంది. నీళ్లు చల్లినా ఎర్రబడలేదు.

"నీ టీ భలే పనిచేసింది బాబాయ్!"

"ముప్పై ఏళ్లలో మా ఆవిడ ఒక్కసారీ ఆ మాటనలేదు," అన్నాడు ఎర్గాష్. "ఇనుమే నయం."