చెప్పి తీయాల

మూట ఎత్తబోయి ఓబులమ్మ కూలబడింది. డిసెంబరు చలికి మేమంతా కొంగులు కప్పుకొని వేరుశనగ గింజలు ఏరుతుంటే ఆమె రవిక మాత్రం చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. మేస్త్రీ చెన్నప్ప వచ్చి చూశాడు.

"రేపట్నుంచి రావద్దులేమ్మా. నీతో కాదు."

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. మేం తలొంచుకొని గింజలు ఏరుతూనే ఉన్నాం. అది 1984. వానలు లేక చేన్లు ఎండిపోయాయి. గుత్తిలో మా ఆడోళ్లకు ఆ శెనక్కాయల మిల్లు తప్ప వేరే పని లేదు.

అంతకు రెండేళ్ల ముందు ఓబులమ్మకు గర్భసంచి తీశారు. మిల్లు షావుకారు రామకృష్ణయ్య తమ్ముడి నర్సింగ్ హోమ్‌లోనే. సంచితోపాటు దాని పక్కనుండే అండాశయాలు రెండూ తీసేశారు. తీస్తామని ఆమెతో ఒక్క మాట చెప్పలేదు. అప్పట్నుంచి ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టదు, కీళ్ల నొప్పులు.

ఇప్పుడు అదే ఆపరేషన్ మాతోపాటు గింజలేరే కదిరమ్మకు కావాల్సి వచ్చింది. నెలల తరబడి రక్తం పోయి మనిషి పాలిపోయింది. సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ ఆమెకు ఓపిగ్గా చెప్పింది.

"సంచిలో గడ్డలున్నాయి, తీయాల్సిందే. అండాశయాలు బాగున్నట్టే ఉన్నాయి. ఉంచుకుంటే ముట్లుడిగే వయసు దాకా వాటి పని అవి చేస్తాయి. ముందుముందు వాటికి జబ్బు రాదని మాత్రం మాటివ్వలేను. అది అరుదు. ఆలోచించుకొని చెప్పు."

కానీ అక్కడ నీళ్ల కరువుకు ఆపరేషన్లు ఆపేశారు. ఇక మిగిలింది షావుకారు తమ్ముడే.

మధ్యాహ్నం మిల్లు వెనక సంగటి తింటూ అందరం ఆ మాటే మాట్లాడుకున్నాం. ఓబులమ్మ కూడా వచ్చి కూర్చుంది.

"మాయమ్మ కడుపులో గడ్డతోనే పాయ," అంది అంజనమ్మ. "అన్నీ తీపిచ్చెయ్ కదిరీ. ఒకేతూరి పీడ పోతాది."

"పీడ యాడ పోతాదక్కా? నన్ను చూడు," అంది ఓబులమ్మ.

"నీ మాదిరే అందరికీ అయితాదా?"

"కాకపోవచ్చు. అయినా నన్ను అడిగింటే బాగుండు."

కదిరమ్మ చేతిలోని ముద్ద కింద పెట్టింది. "బాగుంటే ఉంచమంటా. చెడింటే తీయమంటా. ఏదైనా ముందు నాతో చెప్పి తీయాల," అంది.

షావుకారు తమ్ముడైన ఆ డాక్టరు ఆమె మాట వినలేదు. "పిల్లలు పుట్టినాక అవెందుకు నీకు? డాక్టరు నువ్వా నేనా? ఇష్టముంటే చేయించుకో, లేకుంటే పో."

ఆ మాట మిల్లుకు చేరింది. గింజల చాటలు కింద పెట్టి మేమంతా నర్సింగ్ హోమ్ వరండాలోకి వచ్చి కూర్చున్నాం. నినాదాలివ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. ఊరికే కూర్చున్నాం. లోపలి మంచాల మీది ఆడోళ్లు సంగతి కనుక్కున్నారు. ఒక్కొక్కరే గోడ పట్టుకొని వచ్చి మా పక్కన చేరారు.

షావుకారు వచ్చాడు. "పనిడిసిపెట్టి ఈడేం చేస్తాండారు?"

ఓబులమ్మ లేచింది. "నన్ను అడక్కుండా తీసినారు. ఈమెకు చెప్పి తీయండి. అంతే మేం అడిగేది."

పొద్దు వాలేసరికి వీధి నిండింది. అంతమంది ముందు డాక్టరు బయటికి రాక తప్పలేదు. బాగుంటే ఉంచుతానని తలొంచుకొని చెప్పాడు. అప్పటికే షావుకారు కబురందుకొని పోలీసులు వచ్చారు. ఎవరు మొదలుపెట్టారని అడిగి ఓబులమ్మ రెక్క పట్టుకున్నారు.

అంజనమ్మ లేచింది. "నేను కూడా ఉండా."

ఇద్దరినీ జీపెక్కించారు.

మర్నాడు ఆపరేషన్ అయింది. మధ్యాహ్నానికి కదిరమ్మ కళ్లు తెరిచింది.

"ఉండాయా?"

"బాగుండాయంట. ఉంచినారు," అన్నాన్నేను.

"ఓబులక్క యాడ?"

"స్టేషన్లో. అంజనక్క కూడా."

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దూదితో తడి అద్దాను.

"నాకాడ ఒకరు చాలు. మిగతావాళ్లంతా ఆడికి పోండి."

ఒకరిని ఆమె దగ్గర ఉంచి లేచాం. వరండాలో కూర్చొని కూర్చొని కాళ్లు తిమ్మిరెక్కాయి. స్టేషనుకు మిల్లు ముందు నుంచే పోవాలి. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి పనిలోకి రమ్మని సైరన్ కూసింది. చెన్నప్ప గేటు బార్లా తీసి నిలబడ్డాడు.

ఎవరమూ అటు తిరగలేదు.