కుడి రెక్క మీది నూనె

పొద్దున దుకాణం తలుపు తీయగానే ఆమె చేసే మొదటి పని కిటికీలు తెరవడం. పై అరలో ఒక పాత రవాణా విమానం నమూనా ఉంది. జానెడు పొడవైనా ఉండదు. అసలుది ఉన్నన్నాళ్ళూ ఉల్లిపాయలే మోసింది, అందుకని మూసిన గదంతా ఉల్లి వాసనతో నిండిపోతుంది. ఆ తర్వాత తడిగుడ్డ తీసుకుని, ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన నాలుగింజన్ల ప్రయాణికుల విమానం కింద పేరుకున్న ఉప్పు తుడుస్తుంది. దాని పక్కదానికి ఎడమవైపు మూడో కిటికీ టకటకలాడుతూ ఉంటుంది. దాన్ని ఏమీ చేయదు. అసలుదానికీ ఆ కిటికీ అలాగే కొట్టుకునేదట.

వీధిలో అందరూ ఆమెను విమానాలమ్మ అంటారు. వయసు నలభైకి దగ్గరపడింది. చేసేది పాత విమానాల నమూనాలు, అసలుదానికి డెబ్బై రెండో వంతు. ఫ్యాక్టరీలో అచ్చుపోసినవి ఏ బజారులోనైనా దొరుకుతాయి గానీ, ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళకి అవి ఆనవు. తాము ఎక్కిన విమానమే కావాలి, తోక మీద అదే అంకె ఉండాలి. ఆమె పాత డ్రాయింగులూ ఫొటోలూ తెప్పించుకుని, ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో అరగదీసి, ఒక్కోదానికి మూడు నాలుగు నెలలు తీసుకుంటుంది. ప్రతి కొలతా కుదిరిన రోజున నమూనాకి అసలుదాని గుణం వచ్చేస్తుంది. ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా ఉంటే అది వట్టి ఇత్తడి ముక్క.

ఆమధ్య ఒక రిటైరైన మాస్టారు ఫోను చేశాడు.

"ఏమ్మా, మీరు చేసిచ్చింది అల్మారాలో పెడితే ఎడమకి జరిగిపోతోంది."

"అసలుదీ ఎడమకే లాగేదండి. అటువైపు ఓ పుస్తకం అడ్డం పెట్టుకోండి."

"ఎంత లావుది?"

"డిక్షనరీ అయితే ఆగుతుంది."

దుకాణంలో ఆమెకి తోడు మామయ్య. వాళ్ళమ్మకి తమ్ముడు. ఒకప్పుడు విమానాశ్రయంలో మెకానిక్కు. ఇప్పుడు నమూనాలకి ప్రొపెల్లర్లూ, చక్రాలూ, ఆవగింజంత మూతలూ అతనే చేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ మనిషికి కాలు నిలవదు. పది నిమిషాలు బల్ల దగ్గర నిలబడతాడు, వీధి చివరిదాకా నడిచి వస్తాడు, మళ్ళీ పది నిమిషాలు పని. అన్నం కూడా పళ్ళెం చేత్తో పట్టుకుని గదిలో తిరుగుతూనే తింటాడు.

"వీడు కాలికి బలపం కట్టుకున్నాడే. నేను వడ్డిద్దామంటే వెనకాల పరిగెత్తాలి," అని అమ్మ విసుక్కుంటుంది.

ఎప్పుడూ ఇలా లేడు. పందొమ్మిదేళ్ళ కిందట ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి వచ్చాడు, అప్పటినుంచీ ఇంతే. ఎందుకు మానేశావని అడిగితే, నచ్చలేదన్నాడు. రెండోసారి ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం పొడుగాటి మనిషి ఒకాయన దుకాణంలోకి వచ్చాడు. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. మామయ్య అప్పుడు వీధిలో ఎక్కడో ఉన్నాడు. వచ్చినాయన జేబులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. రెండింజన్ల రవాణా విమానం.

"ఇది కావాలి. ఈ అంకెదే."

"మీరు నడిపిందా?"

"ఆఖరిసారి నడిపింది నేనే. నాలుగు నిమిషాలు."

ఆమె స్టూలు జరిపింది. ఆయన కూర్చుని, చాలాసార్లు చెప్పి అలవాటైన మనిషిలా చెప్పాడు. నిండా సరుకుతో నేల వదలగానే కుడి ఇంజను నూనె ఒత్తిడి చూపే సూది పడిపోవడం మొదలైంది. ఇంజను బిగుసుకుపోతుందని ఆయన దాన్ని ఆపేశాడు. ఒక్క ఇంజనుతో అంత బరువు పైకి లేవలేదు. దున్నిన చేలో దింపాడు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ కుడి రెక్క మొత్తం కాలిపోయింది. విచారణ చేసినవాళ్ళు, ఇంజనులో లోపం ఉందనడానికి ఆధారం లేదు, కెప్టెన్ బెదిరిపోయి మంచి ఇంజను ఆపేశాడు అని రాశారు. లైసెన్సు తీసేశారు.

"మొదట్లో వాళ్ళ మీద కోపం ఉండేది," అన్నాడు కెప్టెన్. "పోనుపోనూ నాకే అనుమానం వచ్చింది. సూది నిజంగా పడిందా, నాకు అలా అనిపించిందా? మీ నమూనాలు ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయట కదా. ఏది తేలినా సరే, తేలితే చాలు."

ఆమె సరేనంది. ఆయన వెళ్ళిన కాసేపటికి మామయ్య వచ్చాడు. బల్ల మీద ఫొటో చూశాడు. తోక మీద అంకె చూశాడు. చేతిలోని ప్రొపెల్లరు మెల్లగా కింద పెట్టి బయటికి నడిచాడు. దీపాలు పెట్టే వేళదాకా రాలేదు.

ఆ మర్నాటినుంచి అతని నడక రెట్టింపైంది. పది నిమిషాలు కాస్తా మూడు నిమిషాలైంది. గుమ్మం దాటడం, రావడం, మళ్ళీ దాటడం. ఆమెకి తల తిరిగినట్టయ్యేది. కోస్తున్న రేకు వంకరపోయి రెండుసార్లు పారేయాల్సి వచ్చింది. నాలుగోరోజు కత్తెర బల్ల మీద పడేసింది.

"నువ్వైనా చెప్పు, నేనైనా దుకాణం మూసుకుపోతాను."

మామయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి అక్కడినుంచే చెప్పాడు.

"ఆ రోజు దానికి నూనె పోసింది నేను. ఎడమ ట్యాంకు పోసి మూత బిగించాను. కుడిది పోసి మూత పెట్టాను. ఇంతలో ఫోనొచ్చిందని ఎవరో కేకేశారు. వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి అది కదిలిపోయింది. ఆ మూత పెట్టాక ఇంకో అర చుట్టు తిప్పాలి. తిప్పానో లేదో నాకు గుర్తులేదు. పందొమ్మిదేళ్ళుగా గుర్తు తెచ్చుకుంటున్నా. తిప్పినట్టే ఉంటుంది, తిప్పనట్టూ ఉంటుంది."

"విచారణలో అడగలేదా?"

"నూనె పోశావా అన్నారు. పోశానన్నా. మూత పెట్టావా అన్నారు. పెట్టానన్నా. రెండూ నిజమే. అర చుట్టు సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు."

ఆమె ఫొటో చేతిలోకి తీసుకుంది. "ఆయనకి కుదరదని కబురు పెడతాను," అంది.

"వద్దు. చెయ్యి."

చేసింది. మూడు నెలలు పట్టింది. రెక్కలు, ఇంజన్లు, సరుకు తలుపు, దాని మీద ఎవరో పెయింటుతో రాసి చెరిపేసిన మరక, అన్నీ. నూనె మూతలు రెండూ మామయ్యే చేశాడు, భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. అతను అంతగా చేస్తున్నకొద్దీ ఆమెకి పాత సంగతులు గుర్తొచ్చేవి. చిన్నప్పుడు ఆమెకి సైకిలు నేర్పింది ఈయనే. లెక్కల పరీక్ష తప్పినరోజు అమ్మకి అడ్డం నిలబడింది ఈయనే. ఆ నమూనా పలికితే ఈ మనిషి ఏమైపోతాడో ఆమెకి తెలియలేదు. ఆఖరున తోక అతికేటప్పుడు, తెలిసి తెలిసి, దాన్ని ఆకురాయితో మరో నాలుగుసార్లు అరగదీసింది.

నమూనా పూర్తయింది. రెండురోజులు బల్ల మీద ఉంది. రెక్కలు పొడిగా ఉన్నాయి. మామయ్య వీధిలోకి వెళ్ళి వచ్చినప్పుడల్లా చూసేవాడు.

"చూశావా, చుక్క లేదు," అంది ఆమె, వేరే పనిలో తల వంచుకుని. "నువ్వు బిగించే ఉంటావు. రేపు ఆయనకి ఇచ్చేద్దాం."

మామయ్య సొరుగులోంచి కొలత పరికరం తీసి ముక్కునుంచి మొదలుపెట్టాడు. రెక్కలు కొలిచాడు, చక్రాలు కొలిచాడు. తోక దగ్గర ఆగాడు.

"అర మిల్లీమీటరు తక్కువుంది."

ఆమె తల ఎత్తలేదు.

"నీ చెయ్యి అర మిల్లీమీటరు తప్పే చెయ్యి కాదు కదే."

"నీకోసమే మామయ్యా."

"తెలుసు. నాకోసం ఆయన్ని ఇంకా ఎన్నాళ్ళు పిరికివాడిగా ఉంచుదామని?"

అతను కోపంగా అనలేదు, అందుకే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామయ్య కొత్త రేకు ముక్క తీసుకుని తోక తనే కోశాడు. కోయడానికి, అరగదీయడానికి, టంకం వేయడానికి మూడు గంటలు పట్టింది. టంకం చల్లారింది. కుడి ప్రొపెల్లరు ఒక్కసారి కదిలి ఆగింది. ఆ వెంటనే కుడి ఇంజను వెనకనుంచి రెక్క మీదుగా దారప్పోగంత నల్లటి చార జారడం మొదలైంది.

మామయ్య వేలితో తాకి, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు.

"ఆ నూనే," అన్నాడు.

ఆమె భూతద్దం ఇచ్చింది. ఎడమ మూత మీది గీతా, ట్యాంకు మీది గీతా ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. కుడివైపు కలవలేదు. సరిగ్గా అర చుట్టు దూరం. మూతలు బిగించిన రోజు మామయ్య రెండువైపులా గీతలు కలిపే పెట్టాడు.

మర్నాడు కెప్టెన్ వచ్చాడు. నమూనా కింద పెట్టిన గుడ్డ అప్పటికే నల్లగా తడిసి ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. ఏమీ అనకముందే మామయ్య ముందుకొచ్చాడు.

"ఆ రోజు దానికి నూనె పోసింది నేనండి. కుడి మూత బిగించలేదు. నిన్నటిదాకా అనుమానంగా ఉండేది. ఇప్పుడు తెలిసింది."

కెప్టెన్ వెనక్కి కట్టుకున్న చేతులు వదిలేశాడు.

"సూది పడింది," అన్నాడు మెల్లగా.

"పడిందండి."

"నేను చూశాను దాన్ని. చూశానని చెప్పడం నేనే మానేశాను. మా ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా." ఆయన గొంతు కరుకెక్కింది. "ఇన్నేళ్ళూ మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఈ వీధిలో నడుస్తూ. నన్ను అడగలేదు కదా అని ఊరుకున్నాను. అడగకపోయినా చెప్పాల్సింది."

కెప్టెన్ గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయాడు. నమూనా బల్ల మీదే ఉంది. ఆమె కిటికీలోంచి చూసింది. ఆయన వీధి చివరిదాకా పెద్ద అడుగులేసుకుంటూ వెళ్ళి, అక్కడ నిలబడి, తిరిగి సగం దాకా వచ్చి, మళ్ళీ అటే వెళ్ళాడు. పావుగంట అలా గడిచింది. మామయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి కెప్టెన్ గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"విచారణ ఆఫీసు రేపు పదింటికి తెరుస్తారు. వస్తారా?"

"వస్తాను," అన్నాడు మామయ్య.

ఆమె కూడా వెళ్ళింది, నమూనాని ఒళ్ళో పెట్టుకుని. ఆఫీసులో పొడుగాటి బల్ల వెనక ఒక గుమాస్తా ఉన్నాడు. నమూనా చూసి, "ఫైళ్ళ మీద కారకుండా చూసుకోండమ్మా," అని కింద నాలుగు పాత కాగితాలు పరిచాడు. పాత కేసు తిరిగి తెరవడానికి ఒక అర్జీ ఉంది, దాన్ని ముందు పెట్టుకున్నాడు.

ఆ అర్జీ మీద నిర్ణయం రావడానికి వానాకాలమంతా పట్టింది. కెప్టెన్ పేరు పక్కన బెదిరిపోయాడని రాసిన మాట కొట్టేశారు, లైసెన్సు తిరిగి ఇచ్చారు. ఆయనకిప్పుడు ఒక చిన్న ఫ్లయింగు స్కూల్లో పాఠాలు చెప్పే పని దొరికింది. మామయ్య మీద ఒక మందలింపు రాశారు. అది వచ్చిన కవరు అతనే చించి అమ్మకి చదివి వినిపించాడు. కానీ ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు మామయ్య అక్కడిదాకా వెళ్ళడు. గుమాస్తా దగ్గరే ఆగిపోతాడు.

గుమాస్తా ఒక్కో గడీ చదువుతూ నింపాడు. విమానం అంకె, తేదీ, అర్జీదారు పేరు, సాక్షి పేరు. తర్వాత కలం ఆపి కెప్టెన్ వైపు చూశాడు.

"సాక్షి మీకు ఏమవుతారండి? బంధువా, స్నేహితుడా?"

మామయ్య నేల చూపులు చూశాడు. కెప్టెన్ నమూనా మీది నల్లటి చార వైపు చూశాడు.

"ఇద్దరం ఒకే విమానం మీద పనిచేశాం," అన్నాడు ఆఖరికి.

గుమాస్తా ఆ గడిలో సహోద్యోగి అని రాసుకుని, కాగితం వాళ్ళవైపు తిప్పి, ఎవరి సంతకం ఎక్కడో వేలితో చూపించాడు.