పండరి జీపులో పసుపు

తొంభై ఆరు చలికాలం. బాన్సువాడ నుంచి పిట్లం కిరాయికి తిరిగే జీపుల్లో కాళ్లకు వెచ్చటి గాలి కొట్టేది పండరి జీపొక్కటే. మిలిటరీ వేలంలో కొన్నది. ఆ వేడికి సీటు కింది కోడిగుడ్లు పిల్లలయ్యాయని వాడు చెబితే నమ్మాను. పిట్లం చేరేసరికి ఆ పిల్లలే గుడ్లు పెట్టాయంటే మాత్రం నమ్మలేదు.

ఒకరోజు ఆ హీటర్ కారింది. డాష్‌బోర్డు కింద ఇటుకంత రేడియేటర్ అది, ఇంజన్ వేడినీళ్లు అందులో తిరుగుతాయి. మెకానిక్ ధన్‌సింగ్ డాష్‌బోర్డు విప్పి, పాతది పీకి, వేరేది బిగించాడు. ఇంజన్ కాగింది గానీ గాలి చల్లగానే వచ్చింది.

"పెద్ద రేడియేటర్ల పసుపు పోసినవారా?" అని అడిగాడు.

చిల్లి పడితే పిడికెడు పసుపు పోయడం మా డ్రైవర్ల వైద్యం. వేడికి ఉబ్బి చిల్లిని పూడుస్తుంది. ఒక్కోసారి గొట్టాల్ని కూడా.

"మా అవ్వ మీద ఒట్టు, పొయ్యలేదన్నా!" అన్నాడు పండరి.

పోశాడు. ఒప్పుకుంటే, అడ్డం వెనక మరిగే నీళ్లు ఆగి ఉంటాయని ధన్‌సింగ్ బండి చల్లారేదాకా ముట్టడు. అవతల పిట్లం పెళ్లివాళ్లు తొందరపెడుతున్నారు.

"అయితే ఈ గొట్టంలకు నీళ్లే వస్తలేవు" అని ధన్‌సింగ్ డాష్‌బోర్డు కింద తల దూర్చి గొట్టం ఊడబీకాడు.

గట్టిపడ్డ పసుపు ముద్ద బిరడాలా ఎగిరింది. దాని వెనకే సలసల కాగే నీళ్లు అతని ముఖాన్ని కొట్టాయి. ఆ ఆవిరి చూసి ఎక్కడో అవతలి వర్ని ఊళ్లో మబ్బు పట్టిందని ఆరబోసిన వడ్లు ఎత్తుకున్నారట. అతని అరుపుకు మాత్రం ఇక్కడ ఎవరూ నవ్వలేదు. చెంప తోలు లేచింది. రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. అప్పుడు ముక్కుకు పసుపు వాసన తగిలింది.

"అవ్వ మీద ఒట్టేస్తివి గదరా!"

చేతికందిన వీల్ పానా గిరగిరా తిప్పాడు. ముందు అద్దం పగిలింది. తర్వాత హెడ్‌లైటు. పక్క హోటల్ చాయ్ గిన్నె సొట్టపోయింది. చివరికి పండరి భుజం దొరికింది, చెరుకు గడ విరిచినట్టు ఎముక ఫట్‌మంది. పండరి కిందపడి, అతని ముంజేతిని నెత్తురొచ్చేలా కొరికాడు. ఇద్దరూ పసుపు నీళ్లలో పొర్లితే నీళ్లు ఎర్రబడ్డాయి. నా ముందు పళ్లు వీళ్లను విడదీయబోతేనే ఊడాయి. జొన్నరొట్టెకు ఊడాయని మా ఇంటామె అంటుంది, నమ్మకండి.

పండరి తల్లి గంగవ్వ పరుగెత్తుకొచ్చింది. కొడుకును చూసి ఏడవలేదు. చెప్పు తీసి విరగని భుజం మీద వాయించింది.

"నా మీద ఒట్టేసినవా? ఆయన కండ్లు పోతే నీ కండ్లు నేనే పీకుత!"

చూపు సంగతి కట్టు విప్పేదాకా చెప్పలేమన్నారు దవాఖానలో. విప్పిన రోజు పండరి, చేతికి పిండికట్టుతో, మంచం పక్కన నిలబడ్డాడు.

"అన్నా, నేను కనబడుతున్ననా?"

ఒక కన్ను ఎర్రగా తెరుచుకుంది. ధన్‌సింగ్ చేయి లేచింది. ఈసారి అద్దానికీ తగల్లేదు, గిన్నెకూ తగల్లేదు. సరిగ్గా చెంప మీద పడింది. పండరి ముక్కు నుంచి నెత్తురు కారింది.

గంగవ్వ చేతులు జోడించింది. "కనబడ్డది! ఇగ గా కన్ను మూసి ఇంకోటి కొట్టు బిడ్డా, రెండోది సుత చూద్దాం."